యతి కుదిరాక మిగిలే ప్రశ్న: కోనసీమ పద్యగోష్ఠిలో విమర్శపై ఒక కేస్ స్టడీ

కోనసీమలో కాలువ ఒడ్డున ఉన్న ఒక చిన్న పట్టణంలో, శాఖా గ్రంథాలయం హాలులో ఆదివారం సాయంత్రాలు జరిగే పద్యగోష్ఠిని నడిపే బాధ్యత కొంతకాలంగా నాది. మందుల షాపు నడిపే ఆయన, పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన ఆయన, కొబ్బరి వ్యాపారి, ఇంట్లో ట్యూషన్లు చెప్పుకునే ఒకరిద్దరు, హైస్కూలులో తెలుగు పండితులుగా చేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దాయన, ఇంకా కొందరు ఇందులో సభ్యులు. వీళ్లలో ఎవరికీ పద్యం జీవనోపాధి కాదు. వారమంతా తమ పని తాము చేసుకుని, మనసులో మెదిలిన నాలుగు పాదాలను కాగితం మీద పెట్టి, నలుగురికీ వినిపించాలని వస్తారు. అలాంటి చోట విమర్శ ఎలా నడవాలన్నది నన్ను చాలా కాలంగా పట్టుకున్న విషయం. ఆ గోష్ఠిలో ఒక సభ్యురాలు రాసిన రెండు పద్యాల మీద జరిగిన చర్చను, ఆ రెండింటి మధ్య మేము చేసిన మార్పును ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఆమె అనుమతితోనూ, ఇందులో ముఖ్యపాత్ర వహించిన పండితుల వారి అనుమతితోనూ రాస్తున్నాను. ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను గాని, పద్యాలను మాత్రం ఉన్నవి ఉన్నట్టుగానే ఇచ్చాను.

పద్యం మీద విమర్శకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఇక్కడ తప్పు లెక్కకు అందుతుంది. నాలుగు పాదాల ఆటవెలదినే తీసుకుంటే, ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు (గణం అంటే గురు లఘువుల చిన్న కట్టు, సూర్య, ఇంద్ర అన్నవి అందులో రకాలు). రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. ప్రతి పాదంలో నాలుగో గణం మొదటి అక్షరానికి పాదం మొదటి అక్షరంతో యతి, అంటే ఆ రెండు అక్షరాలకూ ధ్వనిలో పొత్తు కుదరాలి. ప్రాస నియమం లేదు. ఈ మాత్రం తెలిసిన వారెవరైనా వేళ్ల మీద లెక్కపెట్టి, ఎదుటివారి పద్యంలో గణం ఎక్కడ తప్పిందో, యతి ఎక్కడ కుదరలేదో పద్యం పూర్తయ్యే లోపే చెప్పేయగలరు. బొమ్మ వేసేవారికో, కథ రాసేవారికో ఈ బెడద ఇంతగా లేదు. అక్కడ చూసినవారు, చదివినవారు తమకు ఏమనిపించిందో ఎంతో కొంత చెప్పక తప్పదు. పద్యం దగ్గర ఆ అవసరమే రాదు, లెక్క చెబితే విమర్శ చెప్పినట్టే అనిపిస్తుంది. లెక్కకు అందిన తప్పు అంత సులువుగా దొరుకుతుంది కాబట్టి, లెక్కకు అందని తప్పు గురించి ఎవరూ నోరు విప్పరు. మా గోష్ఠిలో నేను గమనించిన అసలు సమస్య ఇదే.

మొదటి పద్యం

ఆమెకు నలభై దాటి ఉంటాయి. పిల్లలకు ట్యూషన్లు చెబుతారు. చిన్నప్పుడు తండ్రి దగ్గర ఛందస్సు కొంత నేర్చుకుని, మధ్యలో వదిలేసి, పిల్లలు పై చదువులకు వెళ్లాక మళ్లీ మొదలుపెట్టారు. గోష్ఠిలో తొలిసారి చదివిన పద్యంలో రెండో పాదం 'పాడిపంట లొసగి సిరులనిచ్చి' అని ఉంది. ఆ పాదం పూర్తి కాగానే పండితుల వారు చెయ్యి ఎత్తి, "ఆగండమ్మా, 'పా'కి 'సి' ఎలా కుదురుతుందండీ?" అన్నారు. ఆమె ఆగిపోయారు. హాలులో నాలుగు వైపుల నుంచి నాలుగు సవరణలు వచ్చాయి. ఒకరు 'బాగుగాను' అన్నారు, మరొకరు పాదం మొత్తం మార్చమన్నారు, చివరికి పండితుల వారే 'భాగ్యమిచ్చి' అని అందించారు. ఆమె దాన్ని పుస్తకంలో రాసుకుని, పద్యాన్ని మళ్లీ మొదటి నుంచి చదివారు.

తల్లి! గంగ! నీవు తరతరంబులనుండి
పాడిపంట లొసగి భాగ్యమిచ్చి
మమ్ము గాచినట్టి మా యిలవేల్పువు
నీదు మహిమ బొగడ నేర్పు లేదు

"ఇప్పుడు కుదిరిందమ్మా" అన్నారు పండితుల వారు. "బాగుందండీ", "చాలా బాగుంది" అన్నారు తక్కినవారు. తర్వాతి సభ్యుని వంతు వచ్చింది. ఆపైన చాలా వారాలు ఆమె వస్తూనే ఉన్నారు గాని ఏమీ చదవలేదు. అడిగితే, "ఇంకా యతులు సరిగ్గా రావట్లేదండీ, వచ్చాక చదువుతాను" అనేవారు.

ఈ సంఘటనలో ఎవరూ దురుసుగా మాట్లాడలేదు. పండితుల వారు చూపిన తప్పు నిజమైన తప్పే, ఆయన గొంతులో ఎగతాళి లేదు, సవరణ కూడా సలక్షణమైనదే. మాట మెత్తగా ఉండాలి, ముందు పొగిడి తర్వాత తప్పు చెప్పాలి వంటి సలహాలు ఇక్కడ అక్కరకు రావు. అయినా ఫలితం ఏమిటంటే, ఒక వ్యక్తి పద్యం చదవడం మానేశారు. ఆ రోజు జరిగినదాన్ని నిదానంగా విప్పి చూసుకుంటే నాకు కనిపించినవి ఇవి. మూడో పాదం, నాలుగో పాదం వినకముందే తీర్పు వచ్చేసింది. తప్పును చూపినవారే దాన్ని సరిచేశారు కాబట్టి, 'భాగ్యమిచ్చి' అన్న మాట పద్యంలో ఉన్నా ఆమె మాట కాలేదు. 'బాగుంది' అన్న ప్రశంసలో ఏది బాగుందో లేదు కాబట్టి, దాన్నుంచి ఆమె నేర్చుకోగలిగింది ఏమీ లేదు. అంతకంటే ముఖ్యంగా, చర్చ పద్యం మీద నుంచి జారి, ఆమెకు ఛందస్సు వచ్చా రాదా అన్న దాని మీద నిలిచింది. ఆమె ఇంటికి తీసుకువెళ్లింది కూడా ఆ ప్రశ్ననే.

ఈ చివరి అంశానికి పరిశోధన మద్దతు ఉంది. క్లూగర్, డినీసి అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1996లో, పనితీరు గురించి ఎదుటివారికి చెప్పడం మీద అంతవరకు జరిగిన ప్రయోగాలను గుదిగుచ్చి పరిశీలించారు. సగటున అలా చెప్పడం మేలే చేస్తున్నదని తేలినా, మూడింట ఒక వంతుకు పైగా సందర్భాల్లో పనితీరు మెరుగుపడకపోగా తగ్గిందని వారు చూపారు. వినేవారి దృష్టి చేస్తున్న పని మీద నుంచి తమ మీదికి మళ్లే కొద్దీ ఆ మాటల ప్రయోజనం సన్నగిల్లుతుందన్నది వారి వివరణ. మా హాలులో జరిగింది సరిగ్గా అదే. పొగడ్తకూ ఇది వర్తిస్తుందని నా అభిప్రాయం. 'మీరు గొప్పగా రాస్తారండీ' అన్న మాట కూడా దృష్టిని పద్యం మీద నుంచి మనిషి మీదికే తిప్పుతుంది.

ఇక పద్యం సంగతి. యతి కుదిరాక ఆ పద్యంలో పట్టుకోవడానికి ఒక్క లక్షణ దోషం లేదు, నిలిచి చూడడానికి ఒక్క దృశ్యమూ లేదు. అందులోని ప్రతి మాటనూ కృష్ణ గురించీ చెప్పవచ్చు, కావేరి గురించీ చెప్పవచ్చు. ఆమె ఇంటి పెరడు కాలువ రేవులోకి దిగుతుంది. రోజూ ఆ నీళ్లను చూసే మనిషి నదిని 'మా యిలవేల్పువు' అని మాత్రమే ఎందుకు అన్నారో ఎవరూ అడగలేదు. పద్యం అంటే 'తరతరంబులు', 'నీదు మహిమ' వంటి దుస్తులు తొడగాలని ఆమె అనుకున్నారు, మేము ఆ దుస్తులకు గుండీలు సరిచూసి పంపించాము.

అవధాన వేదిక, ఆదివారం గోష్ఠి

మా వాళ్లకు ఈ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచిస్తే, దాని మూలం మన ప్రాంతపు వైభవంలోనే ఉందనిపిస్తుంది. జంటగా అవధానాలు చేసి తెలుగునాట పద్యాన్ని ఇంటింటికీ చేర్చిన తిరుపతి వేంకట కవుల్లో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారిది కడియం, దివాకర్ల తిరుపతిశాస్త్రి గారిది యండగండి. రెండూ ఈ గోదావరి సీమలోని ఊళ్లే. అవధానంలో పృచ్ఛకుని, అంటే అవధానిని ప్రశ్నించేవాని, పని అడ్డుపడటం. నిషిద్ధాక్షరిలో అవధాని వేయబోయే అక్షరాన్ని ముందే ఊహించి కూడదంటాడు. సమస్య ఇచ్చేవాడు పొంతన లేని మాటలతో బిగిస్తాడు. అప్రస్తుత ప్రసంగి పనిగట్టుకుని ధ్యాస మళ్లిస్తాడు. ఆ అడ్డంకులను దాటడమే అవధాని విద్య, వాటిని దాటుతాడని నమ్మకం ఉన్నందువల్లనే అవి అందగిస్తాయి. అవధానాలు చూసి పెరిగిన మనకు, పద్యం వినబడగానే పృచ్ఛకుడి ఆసనంలో కూర్చోవడం అలవాటైపోయింది. ఎదురుగా ఉన్నది అవధాని కాదనీ, నిన్న రాత్రి వంట ముగించుకుని నాలుగు పాదాలు రాసుకుని వచ్చిన మనిషనీ మరచిపోతున్నాము. అవధానం మీద నాకున్న గౌరవం ఇందువల్ల రవ్వంత కూడా తగ్గదు. వేదిక మర్యాద గోష్ఠికి పనికిరాదని మాత్రమే నేను చెప్పేది.

మార్పుకు ముందు మాట

గోష్ఠిలో ఏ మార్పు తేవాలన్నా ముందు పండితుల వారితో మాట్లాడాలి. ఆయన్ను పక్కన పెట్టి చేసే మార్పు నిలవదు, నిలవకూడదు కూడా, ఎందుకంటే హాలులో ఉన్నవారందరి కంటే ఛందస్సు, వ్యాకరణం ఆయనకే బాగా తెలుసు. ఇంటికి వెళ్లి విషయం చెప్పాను. ఆయన శాంతంగానే విని, "తప్పు కనబడ్డాక చెప్పకుండా ఊరుకుంటే అది విద్యకు ద్రోహం కాదుటండీ?" అని అడిగారు. ఆ మాటతో నాకు పేచీ లేదు. తప్పు చెప్పడం ఆపమని నేను కోరలేదు. చెప్పే చోటు, చెప్పే వేళ మార్చమని కోరాను. ఆదివారం చదవబోయే పద్యాన్ని ముందుగానే కాగితం మీద ఆయనకు ఇస్తారు. ఆయన పెన్సిలుతో గణం తప్పిన చోట ఒక గీత, యతి తప్పిన చోట ఒక సున్న పెట్టి తిరిగి ఇస్తారు. హాలులో ఛందస్సు ప్రస్తావన ఉండదు. దీనికి ఆయన ఒప్పుకున్నారు. ఒక్క షరతు మాత్రం ఆయనకు రుచించలేదు. గుర్తు పెట్టాలే గాని సవరణ రాయకూడదన్నాను.

"చెయ్యి అందించకపోతే గురువెందుకండీ? నన్నయ గారికే నారాయణభట్టు గారి సాయం ఉండగా" అన్నారాయన.

నన్నయ తన మహాభారత అవతారికలో ఆ సాయాన్ని తానే చెప్పుకున్నారు. భారత యుద్ధంలో అర్జునుడికి నారాయణుడు తోడైనట్టు, తన కావ్యరచనకు నారాయణభట్టు తోడయ్యారని అన్నారు. ఆ పోలికనే నేను ఆయన ముందు పెట్టాను. యుద్ధంలో కృష్ణుడు ఆయుధం పట్టలేదు, రథం తోలాడు, దారి చూపాడు, బాణాలు మాత్రం అర్జునుడే వేశాడు. పండితుల వారు కొంతసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరేనండి, పగ్గాలు పట్టుకుంటాను" అన్నారు. ఆయన ఆ మాట మీద నిలబడ్డారని ఇక్కడే చెప్పాలి. ఈ కేసులో జరిగిన మంచిలో సగం ఆయన నిగ్రహం వల్ల జరిగింది.

సవరణ అందించకూడదన్న నియమానికి నేను అంత పట్టుపట్టడానికి కారణం ఉంది. యతి కోసం ఒక అక్షరం వెతుక్కునేటప్పుడు రచయిత నిజానికి మాట మార్చుకోరు, ఆలోచన మార్చుకుంటారు. 'సి' తప్పయినప్పుడు 'సిరులు' పోయి, దాని చోట వేరే మాట రావాలంటే, నది మనకు ఇచ్చేది నిజంగా ఏమిటని మరోసారి తడుముకోవాలి. ఆ తడుములాటలోనే పద్యం పుడుతుంది. 'భాగ్యమిచ్చి' అని మనం అందించగానే ఆ తడుములాట ఆగిపోతుంది.

కొత్త క్రమం

హాలులో చర్చకు ఒక క్రమం పెట్టుకున్నాము. దీని మూలం నాది కాదు. అమెరికాకు చెందిన నృత్య దర్శకురాలు లిజ్ లెర్మన్ 1990లో కళాకారుల కోసం రూపొందించిన పద్ధతిలో నాలుగు అంచెలు ఉన్నాయి. చూసినవారు ముందుగా తమ మనసులో నిలిచినదాన్ని, తమకు అర్థమైనదాన్ని చెబుతారు. తర్వాత కళాకారులు తమకున్న ప్రశ్నలు అడుగుతారు. ఆపైన చూసినవారు అభిప్రాయం కలపని ప్రశ్నలు అడుగుతారు. అన్నిటికంటే చివర, కళాకారులు అనుమతిస్తే, అభిప్రాయాలు చెబుతారు. నృత్యానికి పుట్టిన ఈ పద్ధతి పద్యానికి బాగానే అమరింది. పద్యాన్ని రెండుసార్లు చదవాలన్నది మేము చేర్చుకున్న నియమం, ఎందుకంటే మొదటిసారి చెవి గణాల నడక మీదికే పోతుంది. ప్రతి అభిప్రాయానికీ విడిగా అనుమతి అడగడం మాత్రం మా వాళ్ల నోట నాటకీయంగా వినిపించింది. దాని బదులు, తనకు ఏ విషయంలో అభిప్రాయం కావాలో, ఏది అప్పుడే వద్దో చదివినవారే మొదట చెప్పేటట్టు మార్చుకున్నాము.

అన్నిటికంటే కష్టమైన అంచె ప్రశ్నలది. 'ఇక్కడ ఇంత గ్రాంథికం ఎందుకండీ?' అన్నది వినడానికి ప్రశ్నే, లోపల తీర్పు కూర్చుని ఉంది. 'ఈ మాట మీరు ఇంట్లో వాడతారా?' అన్నది అసలైన ప్రశ్న, సమాధానం ఏదైనా కావచ్చు. ఈ తేడా పట్టుబడటానికి మాకు చాలా వారాలు పట్టింది, ఇప్పటికీ అప్పుడప్పుడు జారుతూనే ఉంటాము.

ఆమెను బలవంతం చేయకుండా, పాత పద్యాన్నే కొత్త క్రమంలో మరోసారి వినిపిస్తారా అని అడిగాను. ఒప్పుకుని రెండుసార్లు చదివారు. ఏం నిలిచిందో చెప్పమంటే హాలంతా మౌనం. ఆ మౌనం కఠినమైనదే, కాని నిజాయితీ గలది. అప్పుడు మందుల షాపు ఆయన, "మీ ఇల్లు కాలవ గట్టునే కదండీ, ఈ గంగ ఆ కాలవేనా?" అని అడిగారు. ఆ ఒక్క ప్రశ్నకు ఆమె చాలాసేపు జవాబు చెప్పారు. ధవళేశ్వరం దగ్గర కాటన్ 1847లో మొదలుపెట్టి 1852కు పూర్తి చేయించిన ఆనకట్ట నాటి నుంచి ఈ డెల్టా బతుకు కాలువలతో ముడిపడి ఉంది. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. కాలువ కట్టేసినప్పుడు తమ రేవులో ఏడాదంతా నీళ్లలో ఉండే మెట్లు ఎలా ఒక్కొక్కటే బయటపడతాయో, అడుసు వాసన ఎలా ఉంటుందో, ఒక వేసవిలో అట్టడుగు మెట్టు మీద, అత్తగారు కాలం చేయకముందు ఎప్పుడో నీళ్లలో జారవిడిచిన ఇత్తడి చెంబు ఎలా దొరికిందో చెప్పుకొచ్చారు. చెంబు మీద అత్తగారి పేరు చెక్కి ఉందట. మాట్లాడుతున్నంతసేపూ ఆమె భాషలో ఒక్క 'తరతరంబులు' లేదు.

రెండో పద్యం

కొన్ని వారాల తర్వాత ఆమె కొత్త ఆటవెలది తెచ్చారు.

కాల్వ కట్టినారు; గట్టున నిలుచుంటి;
మెట్టు మెట్టు తేలె మెల్లగాను;
అడుగు మెట్టు మీద నత్త పేరిటి చెంబు;
బురద తుడిచి చూస్తి, పొద్దు వాలె.

పండితుల వారి పెన్సిలు గుర్తుల్లో సున్నలు గాని గీతలు గాని లేవు. 'చూస్తి' కింద చిన్న చుక్క మాత్రం పెట్టారు, వాడుక రూపమని దాని అర్థం.

రెండుసార్లు చదివాక, పోస్టాఫీసు ఆయన, మెట్లు ఒకటొకటిగా బయటపడటం తనకు కళ్లకు కట్టిందని చెప్పారు. కొబ్బరి వ్యాపారికి చెంబు నిలిచింది. ట్యూషన్లు చెప్పే మరొక సభ్యురాలు మాత్రం, "నాకు మెట్టు మీద నత్త కనబడిందండీ, ఆ నత్త పేరు చెంబుకి ఎందుకు పెట్టారో అర్థం కాలేదు" అన్నారు. చదివినావిడ నిర్ఘాంతపోయారు. 'మీదన్' మీద 'అత్త' వచ్చి 'మీద నత్త' అయింది, సంధి సరైనదే, అచ్చుకు అచ్చు యతి కూడా సరైనదే, కాగితం మీద చూసిన పండితుల వారికి అందులో ఏ లోపమూ కనబడలేదు. చెవితో విన్నవారికి అత్త పోయి నత్త వచ్చింది, పైగా కాలువ అడుసులో నత్తలు ఉండటం సహజం కాబట్టి ఆ పొరపాటు ఇంకా గట్టిగా నాటుకుంది. లక్షణం తెలిసినవారు చెప్పలేని ఈ లోపాన్ని, ఛందస్సు అంతగా రాని మనిషి, కేవలం తనకు ఏం వినబడిందో చెప్పడం వల్ల పట్టుకున్నారు. విమర్శలో అందరికంటే ముందు అభిప్రాయం కాక అనుభవం ఎందుకు చెప్పించాలో నాకు ఇంతకు మించిన ఉదాహరణ దొరకదు.

తర్వాత ఆమె తన ప్రశ్న అడిగారు. "ఆఖరి పాదం దగ్గర నాకే ఏదో వెలితిగా ఉందండీ. మీకెలా ఉంది?" ఎవరూ వెంటనే తీర్పు చెప్పలేదు. మందుల షాపు ఆయన, "చెంబు దొరికినప్పుడు పొద్దు వాలుతోందా అండీ?" అని అడిగారు. "లేదండీ, మిట్టమధ్యాహ్నం" అన్నారు ఆమె. అని, తనే ఆగి, "'బు'కి 'పొ' కోసం వచ్చిందండీ ఆ పొద్దు" అన్నారు. యతి కోసం పద్యంలోకి ఒక అబద్ధం వచ్చింది. అది సలక్షణమైన అబద్ధం, అందుకే పెన్సిలుకు దొరకలేదు. సాయంకాలం అనగానే పద్యం ముగిసినట్టు అనిపిస్తుంది కాబట్టి ఆమె చేతికి అది సులువుగా తగిలింది.

చివరి అంచెలో అభిప్రాయాలు వచ్చాయి. 'మెల్లగాను'లో 'గాను' పాదం నింపడానికి వచ్చిందని పోస్టాఫీసు ఆయన అన్నారు. 'కాల్వ కట్టినారు' అంటే డెల్టా దాటితే తెలియదనీ, కాలువ తవ్వారని కూడా అనుకోవచ్చనీ, దాన్ని విప్పి చెప్పమనీ పండితుల వారు సూచించారు. అత్తగారి ఆప్యాయతను తెలిపే మాట ఒకటి ఉంటే హృదయానికి హత్తుకుంటుందని కొబ్బరి వ్యాపారి అన్నారు. ఆమె అన్నీ రాసుకున్నారు, దేనికీ అక్కడ జవాబు ఇవ్వలేదు. ఇది కూడా మేము పెట్టుకున్న నియమమే. విన్న వెంటనే జవాబు చెప్పాలనుకున్నవారు తమను తాము సమర్థించుకునే మాటలు కూడగట్టుకుంటూ, చెబుతున్నది సగమే వింటారు. ఏది తీసుకున్నదీ, ఏది వదిలేసిందీ, ఎందుకు వదిలేసిందీ తర్వాతి సారి చెబితే చాలు.

ఆమె తర్వాత తెచ్చిన పాఠం ఇది.

కాల్వ కట్టినారు; గట్టున నిలుచుంటి;
మెట్టు మెట్టు తేలె, మిగిలె నడుసు;
చివరి మెట్టు మీద చెంబు, మా యత్తది;
బురద తుడిచి పేరు పోల్చినాను.

'గాను' పోయిన చోట అడుసు వచ్చింది. అచ్చు యతి బదులు 'చి'కి 'చె' కుదిర్చి, నత్తను తప్పించారు. దానివల్ల మూడో పాదంలో పేరుకు చోటు పోతే, పొద్దు ఖాళీ చేసిన చోటికి పేరు దిగింది. 'పోల్చినాను' అన్నది మా వైపు ఇళ్లలో రోజూ వినబడే మాటే. మనిషిని పోల్చడం, గొంతు పోల్చడం అంటాము. ఆ ఒక్క క్రియలో అత్తగారితో ఆమెకున్న ఎరుక అంతా ఉందని నేను అనుకుంటున్నాను. ఈ నాలుగు మార్పుల్లో ఒక్కటి కూడా హాలులో ఎవరూ అందించినది కాదు.

తీసుకోని సలహాల గురించి ఆమె వివరంగా చెప్పారు. "కాలవ కట్టేశారనే అంటామండీ మేము, ఇంకోలా అంటే అది మా కాలవ కాదు" అన్నారు. ఆప్యాయత మాట గురించి, "మా అత్తగారు ఆప్యాయంగా ఉండేవారు కాదండీ, కాని ఆ చెంబు పోయిందని ఏడాదిపాటు బాధపడ్డారు" అన్నారు. ఆ జవాబు విన్నాక కొబ్బరి వ్యాపారి, తాను అడిగింది పద్యానికి కావలసినదాన్ని కాదనీ, తాను ఇలాంటి పద్యాల్లో వినడానికి అలవాటుపడినదాన్నే అడిగాననీ ఒప్పుకున్నారు. సలహా ఎందుకు వదిలేశారో వినడం సలహా ఇచ్చినవారికి ఎంత నేర్పుతుందో ఆ రోజు అందరం చూశాము. పండితుల వారు మరో మాట లేవనెత్తారు. 'మీద' ద్రుతాంతం, అంటే చివర నకారం గల మాట, కాబట్టి వ్యాకరణం ప్రకారం దాని తర్వాతి 'చ' 'జ'గా మారి 'మీద జెంబు' కావాలి. ఆమె 'చెంబు'నే ఉంచుతానన్నారు. మొదటి పద్యంలో 'మమ్ము గాచి', 'మహిమ బొగడ' అని ఇలాంటి చోట్ల సరళాలను (గ, జ, డ, ద, బ) శ్రద్ధగా వేసిన మనిషే ఆమె, తెలియక వదిలినది కాదు. పండితుల వారు కాసేపు ఆలోచించి, "నేనైతే వేస్తానమ్మా. నువ్వు వేయకపోవడం తప్పని మాత్రం అనను" అన్నారు.

తర్వాత కనిపించినవి

ఆమె ఇప్పుడు క్రమంగా రాస్తున్నారు. అన్నీ ఈ పద్యం స్థాయిలో లేవు, ఉండనక్కర లేదు. పెన్సిలు గుర్తుల వల్ల ఒక అదనపు ప్రయోజనం కూడా కలిగింది. ఎవరికి ఏ తప్పు పదే పదే వస్తుందో వారికే కాగితాల మీద కనబడసాగింది. ఆమెకు యతి కంటే ఇంద్రగణాల్లో 'నల' దగ్గర తడబాటు ఎక్కువని తేలింది. నలుగురిలో చెప్పించుకోవడం కంటే ఇది ఎక్కువ నిలిచింది.

అందరికీ ఈ పద్ధతి నచ్చలేదు. ఒక సభ్యులు, చదివిన వెంటనే చప్పట్లు లేకపోతే ఉత్సాహం రాదని చెప్పి రావడం మానేశారు. ఆయనకు కావలసింది వినేవారు, విమర్శించేవారు కారు. అందులో అపరాధమేమీ లేదు, ఏ ఉగాది కవి సమ్మేళనంలోనో ఆయనకు ఆ ఆనందం దొరుకుతుంది. సీసపద్యాలకు, ఖండికలకు ఈ క్రమం బాగా పొడవైపోతుంది. ఎత్తుగీతితో కలిపి ఒక్క సీసం మీద మాట్లాడేసరికి సాయంత్రం గడిచిపోయి, చదవాలని వచ్చిన తక్కినవారు చదవకుండానే వెళ్లవలసి వస్తుంది. అందుకని పెద్ద రచనల్లో రచయిత ఎంచుకున్న భాగాన్నే చర్చకు తీసుకుంటున్నాము.

ఇటీవల అవధానం నేర్చుకుంటున్న ఒక కుర్రవాడు మాలో చేరాడు. "నన్ను మధ్యలో ఆపండి మాస్టారూ, తప్పు దొరికిన చోటే పట్టుకోండి, లేకపోతే వేదిక మీద నిలబడలేను" అని పండితుల వారిని అడిగాడు. గోష్ఠి ముగిశాక వాళ్లిద్దరూ హాలు వరండాలో విడిగా కూర్చుంటున్నారు. అక్కడ పెన్సిలు లేదు, పృచ్ఛకుడే ఉన్నాడు. వాచ్‌మన్ తాళం వేయడానికి వచ్చేదాకా అది సాగుతుంది, కొన్నిసార్లు ఆమె కూడా ఆగి, నిషిద్ధాక్షరికి అక్షరాలు అందిస్తున్నారు.